గూళ్ళచేను కుప్పమ్మ

పోయిన ఆదివారం పేపర్లో ఆ ఆఫీసరు రిటైరైన వార్త చూశాను. "మన జిల్లా చరిత్రను మూడువేల ఏళ్ళు వెనక్కి తీసుకెళ్ళిన మహానుభావుడు" అని రాశారు. శాలువా కప్పించుకుంటూ చిరునవ్వు నవ్వుతున్న ఫోటో కూడా వేశారు. చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. అందులో మా కుప్పమ్మ పేరు ఉంటుందని నేనేమీ ఆశపడలేదు. కనీసం ఆమె చేను పేరైనా వేసి ఉండవచ్చు కదా. అదీ లేదు. అందుకే ఇది రాయడానికి కూర్చున్నాను. కోపంతోనే రాస్తున్నాను. చల్లారాక రాద్దామని ఐదేళ్ళు ఆగాను, చల్లారలేదు.

నా పేరు పంకజాక్షి. మాది తిరుపతి. 1974లో నన్ను పాకాల జంక్షన్‌కు ఆరు మైళ్ళ దూరంలోని ఎర్రమిట్టపల్లెకు టీచరుగా వేశారు. ఊరంతటికీ ఒకే బడి, బడికి ఒకే టీచరు. పెళ్ళికాని ఆడమనిషికి గది అద్దెకిచ్చేవాళ్ళు ఊళ్ళో ఒక్కరూ దొరకలేదు. అందరూ మా నాన్న పేరూ, మా కులమూ, నా జీతమూ అడిగి, ఆఖరికి తలలు అడ్డంగా ఊపారు. కుప్పమ్మ మాత్రం ఏమీ అడగలేదు. పంచలో ఉన్న గది తలుపు తీసి, "ఈడుండమ్మా. పొయ్యి పొగ వస్తాది, అది నీకు పడితే సరి" అంది.

అప్పటికామెకు నలభై లోపే ఉంటాయి గానీ, ఎండకు ఎండిన మొహం చూస్తే ఇంకా ఎక్కువనిపించేది. సన్నటి మనిషి, గట్టి చేతులు. మొగుడు చెంగల్రాయుడు నెమ్మదస్తుడు. ఇద్దరికీ కలిపి రెండున్నర ఎకరాల మెట్టచేను, ఒక ఆవు. చెనక్కాయలు, అంటే వేరుశనగ, వేసేవాళ్ళు. విత్తనాలు ఒలిచే రోజుల్లో కుప్పమ్మ ఒక్కొక్క గింజనూ వేళ్ళ మధ్య తిప్పి చూసి, ముడతపడ్డది కనిపిస్తే పక్కకు వేసేది. ఆ పని ఎవరికీ అప్పగించేది కాదు. విత్తే ముందు చేలో మన్ను చిటికెడు తీసి నలిపి, రంగు చూసి, తేమ ఉందో లేదో చెప్పేది. చెంగల్రాయుడు ఆమె మాట విన్నాకే నాగలి కట్టేవాడు.

ఆ చేనుకు గూళ్ళచేను అని పేరు. చేను నడిమధ్యలో పెద్దపెద్ద గుండ్లు వలయంగా పాతి ఉండేవి. వలయం లోపల నిలువెత్తు బండలు కొన్ని, వాటి మీద మూతగా మరో బండ. రాకాసి గూళ్ళు అనేవాళ్ళు ఊరివాళ్ళు. మూరెడు ఎత్తు మనుషులు పూర్వం కట్టుకున్న ఇళ్ళని మా బడిపిల్లలు నాకు చెప్పారు. నాగలి ఆ గుండ్ల దాకా వచ్చి పక్కకు తిరిగేది. అక్కడ గడ్డి మొలిచేది, తంగేడు పూసేది, ఎవరూ కొట్టేవాళ్ళు కాదు.

పెళ్ళయిన పన్నెండేళ్ళకు, 1964లో, కుప్పమ్మకు ఒక ఆడపిల్ల పుట్టింది. అత్త పేరే పెట్టుకున్నారు, చంద్రకాంతమ్మ అని. ఆ పేరు మోయడానికి ఆ పిల్ల ఐదు నెలలే బతికింది. జ్వరం తగిలితే బండి కట్టుకుని పాకాలకు బయలుదేరారు. సగం దారిలోనే బండిని వెనక్కి తిప్పుకోవాల్సి వచ్చింది. మళ్ళీ ఆమెకు కానుపు కాలేదు.

పళ్ళు రాని బిడ్డను ఆ ఇళ్ళల్లో కాల్చరు, పూడుస్తారు. పాడె ఉండదు, మేళం ఉండదు. తండ్రి గుడ్డలో చుట్టి, చేతుల మీద ఎత్తుకుని పోతాడు. పార పట్టుకుని ఒక్క మగవాడు వెంట వెళతాడు. ఆడవాళ్ళు వెళ్ళకూడదు. పైగా ఎక్కడ పూడ్చిందీ తల్లికి చెప్పకూడదు. చెబితే తల్లి పోయి ఆడనే కూర్చుంటుందని, పాలు ఇంకవని అంటారు. ఈ ఆచారం ఏ మగవాడు పెట్టాడో గానీ, వాడు కనిపిస్తే కడిగిపారేద్దామని నాకెప్పుడూ అనిపించేది. ఆరోజు పార పట్టుకుని వెళ్ళింది చెంగల్రాయుడి అన్న పరంధామయ్య.

కుప్పమ్మ అడుగుతూనే ఉండేదట. చెంగల్రాయుడు "మంచి తావులోనే పెట్టినాలే" అనేవాడట, అంతకుమించి నోరు విప్పేవాడు కాదట. 1976లో కామెర్లు ముదిరి మంచం పట్టినప్పుడు, నేను కూడా అక్కడే ఉన్నాను, పెళ్ళాన్ని దగ్గరికి పిలిచి తనంత తానే చెప్పాడు.

"మన గూళ్ళచేన్లోనే ఉండాది కుప్పమ్మా. మొగం మీద మన్ను పడనీలేదు నేను."

ఏ మూలనో చెప్పేలోపు మాట పడిపోయింది. మూడో రోజు మనిషే పోయాడు. కర్మలయ్యాక కుప్పమ్మ బావను అడిగింది. పరంధామయ్య పంచె దులుపుకుంటూ, "ఎప్పటి మాట అది, నాకేం గుర్తుండాది" అన్నాడు. ఆ తర్వాత చేలో పని ముగించుకుని ఇంటికొచ్చే ముందు గెనిమ గట్టు మీద కాసేపు కూర్చుని వచ్చేది. చేనంతా తన బిడ్డదే అనుకుని చూసుకునేది. ఆ మాట ఆమే నాతో చెప్పింది.

1978 జనవరిలో, చెనక్కాయలు పీకి చేను ఖాళీ అయ్యాక, ఊళ్ళోకి ప్రభుత్వం జీపు వచ్చింది. అందులోంచి ధనంజయ అనే ఆఫీసరు దిగాడు. తవ్వకాల శాఖ అన్నారు. రాకాసి గూళ్ళు నిజానికి ఇనుప యుగం నాటి సమాధులని, వాటిని తవ్వి చూడాలని చెప్పాడు. చేను పట్టా ఇంకా అన్నగారి పేరు మీదే ఉంది కాబట్టి పరంధామయ్య సంతకం పెట్టాడు. మరదలితో ఒక్క మాట చెప్పలేదు. ఆఫీసరుకు తన మామిడితోపులో గుడారం వేయించాడు, ఇంటి నుంచి క్యారియర్ పంపించాడు. జీపులో ముందు సీట్లో కూర్చుని పాకాల దాకా వెళ్ళి రావడం మొదలుపెట్టాక ఆయన నడకే మారిపోయింది.

కుప్పమ్మ సొంత చేలోకి కూలిమనిషిగా పోయింది. ఇంకొకరు తవ్వేకంటే తాను దగ్గరుండటం మేలనుకుంది.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆ పని చూడముచ్చటగా ఉండేది. నేలను తాళ్ళతో చదరాలుగా విభజించారు. గడ్డపారలు పక్కన పడేసి, కత్తులతో, కుంచెలతో అంగుళం అంగుళం మన్ను తీశారు. తీసిన మన్నును జల్లెడ పట్టారు. కాళ్ళున్న పెద్ద మట్టిపెట్టె దొరికింది, తుప్పుపట్టిన కత్తులు, పూసలు దొరికాయి. సాయంత్రాలు నేను కూడా వెళ్ళి నోరు తెరుచుకుని చూశాను. మా పిల్లలకు ఆ వారం చరిత్ర పాఠం అక్కడే చెప్పాను. ధనంజయ కోప్పడే మనిషి కాదు. కూలీలను పేరుపెట్టి పిలిచేవాడు. తవ్వి పూడ్చిన మన్ను ఎలా ఉంటుందో వాళ్ళకు ఓపిగ్గా నేర్పాడు. "పక్కనున్న మట్టి కంటే మెత్తగా ఉంటుంది. రంగు మారుతుంది. అలాంటి చోటు కనబడితే కత్తి ఆపేసి నన్ను పిలవండి" అని చెప్పాడు.

మన్ను చూడటం కుప్పమ్మకు ఆయన నేర్పాలా? పదో రోజు పొద్దున ఆమె నిలువు బండ పక్కన కూర్చుని మన్ను గీరుతూ, చేయి ఆపింది.

"సార్, ఈడ సూడండి. మన్ను మెత్తగా ఉండాది. రంగు గూడా మారింది" అని పిలిచింది.

"శభాష్ కుప్పమ్మా! నీకున్న చూపు మావాళ్ళలో ఒక్కడికీ లేదు" అన్నాడు ఆఫీసరు.

చోటు చూపించింది ఆమే.

ఆయన స్వయంగా కూర్చుని కుంచె పట్టాడు. రెండడుగుల లోతులో ముందు ఒక చట్టి కనబడింది, బోర్లించి ఉంది. దాని పక్కగా, పక్షిపిల్లవి అనిపించేంత సన్నటి ఎముకలు, ఎర్రమట్టిలో సగం కలిసిపోయి. చట్టిని మెల్లగా ఎత్తారు. దాని కింద చిన్న పుర్రె ఉంది. చుట్టూ నిలబడ్డ కూలీలు అబ్బా అన్నారు. ఆఫీసరు మొహం వెలిగిపోయింది. కుప్పమ్మ ఒక్కతే ఎముకలను చూడలేదు. చట్టినే చూస్తూ నిలబడింది. అంచు దగ్గర బొటనవేలంత పెచ్చు ఊడిపోయి ఉంది.

"ఇది నా సట్టి సార్" అంది. "పాలు కాంచే సట్టి. ఆ పొద్దు నుంచి కనపళ్ళేదు."

ఎవరూ పట్టించుకోలేదు. ఆమె గుంతలోకి దిగి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"మొగం మీద మన్ను పడనీలేదని మా ఆయన సెప్పినాడు. ఇది నా బిడ్డ. ముట్టొద్దండి, నా బిడ్డ!"

దయ్యం పట్టిందన్నారు. సమాధి తెరిచారు కాబట్టి అందులోంచి ఏదో లేచి ఆమెను పట్టుకుందని తోటి ఆడవాళ్ళే జడిసిపోయారు. ఒకామె పరుగున పోయి విబూది తెచ్చి నుదుట రాసింది. పరంధామయ్య వచ్చి, "ఎండదెబ్బ సార్, మీరు పని కానియ్యండి" అని, నలుగురు ఆడవాళ్ళ చేత మరదలిని ఇంటికి లాగించాడు. నేను బడి వదిలి వచ్చేసరికి ఆమె పంచలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, నుదురంతా విబూది. ఏడవడం లేదు. జరిగింది మొదటి నుంచి చివరి దాకా ఒక్కొక్క ముక్కే చెప్పి, "నువ్వు సదువుకున్నదానివి గదా టీచరమ్మా, నువ్వు సెప్తే ఇంటారు. పోయి నా బిడ్డను ఇయ్యమని సెప్పు" అంది.

వెళ్ళాను. నేను చెబితే వింటారని నేను కూడా అనుకున్నాను.

ధనంజయ నాకు కుర్చీ వేయించాడు, టీ ఇప్పించాడు. "ఆమె బాధ నాకు అర్థమైంది టీచరుగారూ. బిడ్డ పోయిన తల్లికి ఏ బిడ్డను చూసినా తన బిడ్డలాగే ఉంటుంది. కానీ చూడండి, ఇనుప యుగం సమాధి, ఆ బండ పక్కనే దొరికింది. నలుపూ ఎరుపూ కలిసిన కుండ. ఆ కాలం గుర్తు అదే" అన్నాడు.

"కట్టెలపొయ్యి మీద కాగిన ఏ చట్టైనా నలుపూ ఎరుపూ కలిసే ఉంటుంది సార్. మా వంటింటికి రండి, నాలుగు చూపిస్తాను" అన్నాను.

ఆయన నవ్వాడు. "మొహం మీద కుండ బోర్లించి పూడ్చడం నేనింతవరకు ఎక్కడా చూడలేదు, చదవలేదు. ఇది కొత్త ఆచారం. దీని మీద పెద్ద వ్యాసమే రాయవచ్చు."

"ఆచారం కాదు సార్. కన్నబిడ్డ మొహం మీద మన్ను పోయడానికి ఆ తండ్రికి చేతులు రాలేదు, అంతే."

చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడాయన. తర్వాత, "పూడ్చినప్పుడు చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు.

ఉన్నాడు. పదడుగుల దూరంలో మామిడిచెట్టు కింద నిలబడి మా మాటలు వింటున్నాడు. పరంధామయ్యను పిలిచి నేనే అడిగాను. ఆ మనిషి ఆఫీసరు మొహంలోకి చూశాడు, గుడారం వైపు చూశాడు, నా వైపు మాత్రం చూడలేదు. మర్నాడు పేపరువాళ్ళు ఫోటోలు తీయడానికి వస్తున్నారని, స్థలదాతగా తన పేరు కూడా వేస్తారని ఊరంతా చెప్పుకుని తిరిగాడు అంతకు ముందే.

"నాకు తెలిసి ఆడ ఎవురినీ పూడ్సలేదు సార్" అన్నాడు.

"పార పట్టుకుని పోయింది మీరే కదా!" అన్నాను.

"పోయినాం. యాడో వంక పక్కన పూడ్సినాం. గూళ్ళలో ఎవురన్నా పెడతారా టీచరమ్మా, బుద్ధి ఉన్నోళ్ళు?"

తమ్ముడి బిడ్డ. తాను స్వయంగా గుంత తవ్విన బిడ్డ. పేపర్లో అంగుళం జాగా కోసం వాగు పక్కకు నెట్టేశాడు. అప్పుడు నా నోటికొచ్చిన మాటలు ఇక్కడ రాయలేను. టీచరు నోట అలాంటి మాటలేమిటని ఊళ్ళో నెలరోజులు చెప్పుకున్నారు. చెప్పుకోనీ.

మర్నాడు పొద్దున్నే పక్క ఊరి కుమ్మరి మునస్వామి సంగతి విని తనంత తానుగా వచ్చాడు. ముసలివాడు. సంచిలో కుండలు తట్టే చెక్క తెచ్చుకున్నాడు. కుమ్మరి పచ్చికుండను లోపల రాయి పెట్టి, బయట చెక్కతో తడుతూ పెద్దది చేస్తాడు. చెక్క దెబ్బలు కుండ మీద ఉండిపోతాయి. మునస్వామి చెక్కకు నడుమ సన్నటి చీలిక ఉంది. వాళ్ళ నాయన కాలం నాటి చెక్క, పారేయబుద్ధి కాక అదే వాడుతున్నానన్నాడు. ఆఫీసరు ముందే తడిమట్టి ముద్ద చేసి, దాని మీద నాలుగు దెబ్బలు వేశాడు. ప్రతి దెబ్బలోనూ వెంట్రుకంత గీత పడింది.

"ఇప్పుడు మీ సట్టి సూడండి దొరా. అడుగున అదే గీత ఉంటాది. ఇది నేను సేసిన సట్టి. ఈ సుట్టుపక్కల ఎనిమిది ఊర్లకు నేనే ఏస్తా ఉండాను" అన్నాడు.

ధనంజయ చట్టిని తిప్పి చూశాడు. చేతిలోని భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయనకు గీత కనబడింది. కనబడలేదని ఎవరైనా చెబితే నేను నమ్మను, ఎందుకంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అప్పటికే పేపరువాళ్ళ కారు చేనుగట్టు మీద ఆగి ఉంది. పైవాళ్ళకు ముందురోజు సాయంత్రమే టెలిగ్రాం కొట్టించాడు. చట్టిని కింద పెట్టి, గొంతు సవరించుకుని, "పాతకాలంలో కూడా చెక్కతోనే తట్టేవాళ్ళు. చీలికలు అప్పుడూ ఉండేవి" అన్నాడు.

"మూడువేల ఏండ్ల కిందట గూడా నా సెక్కే ఉన్నింద్యా దొరా?" అన్నాడు మునస్వామి. ఆఫీసరు కారు వైపు నడిచాడు. ముసలాయన ఆ మట్టిముద్దను అక్కడే వదిలేసి, చెక్క సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళ ఊరికి నాలుగు మైళ్ళు. అంత దూరం నడిచి వచ్చి నిజం చెప్పి పోయిన మనిషి ఆ మొత్తం వ్యవహారంలో అతనొక్కడే.

దూది పరిచిన చెక్కపెట్టెలో ఎముకలు సర్దారు. పెట్టె మీద పదిహేడు అని నంబరు వేశారు. జీపు కదలబోతుంటే కుప్పమ్మ వచ్చి దానికి అడ్డంగా పడుకుంది. అరుపు లేదు, శాపనార్థాలు లేవు. బండిబాటలో చక్రాల ముందు వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకుంది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. "తవ్వకంలో దొరికినవన్నీ సర్కారు సొత్తు అమ్మా. నా చేతుల్లో ఏమీ లేదు" అని ఆఫీసరు నచ్చజెప్పాడు. చేతుల్లో పెట్టె పట్టుకునే అన్నాడు ఆ మాట. పరంధామయ్యా, మరో ఇద్దరూ ఆమెను కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తి గట్టు మీద పడేశారు. నేను అడ్డం పోతే నన్ను పక్కకు తోశారు. ఊళ్ళో సగం మంది చూస్తూ నిలబడ్డారు.

ఆరోజు నుంచి అర్జీలు రాశాను. కలెక్టరుకు, శాఖ పైవాళ్ళకు, మంత్రికి. ఐదేళ్ళలో పదకొండు. "దయగల అయ్యగారి దివ్యసముఖమునకు" అని మొదలుపెట్టి రాశాను. అంత మర్యాద చూపినందుకు నామీద నాకే కోపం. ఒక్కదానికీ జవాబు లేదు. ఆఫీసరుకు మాత్రం ప్రమోషన్ వచ్చింది.

ఎముకలను ఒక మ్యూజియంలో పెట్టారు. ఏ ఊరో రాయను, జిల్లాలోనే. కుప్పమ్మా నేనూ వెళ్ళి చూశాం. అద్దాల బీరువాలో, ఎర్ర ఇసుక పోసి, గుంతలో ఎలా ఉన్నాయో అలాగే పేర్చారు. పక్కనే చట్టి. "శిశువు సమాధి. సుమారు మూడువేల ఏళ్ళ నాటిది" అని చీటీ. కుప్పమ్మ అద్దానికి మొహం ఆనించి చూసింది. "ముట్టొద్దు, ముట్టొద్దు" అన్నాడు కాపలావాడు.

"తల దక్షిణానికే పెట్టినాడు" అంది నాతో. "ఈళ్ళు తూర్పుకు తిప్పినారు."

ఆ తర్వాత రెండు మూడు నెలలకొకసారి వెళ్ళేది. పాకాల దాకా నడక, అక్కడి నుంచి బస్సు. మూసే వేళ దాకా ఆ బీరువా ముందు నేల మీద కూర్చుని తిరిగొచ్చేది. చోటు తెలియకూడదని తల్లికి దాచిన బిడ్డ ఊరందరి ముందూ అద్దాల వెనక పడి ఉంది. స్కూలు పిల్లలు వరసగా వచ్చి చూసి నవ్వుకుంటూ పోయేవాళ్ళు. ఆమె పక్కకు జరిగి వాళ్ళకు దారిచ్చేది. నేనైతే ఆ అద్దం పగలగొట్టి ఉండేదాన్ని. ఒకసారి అదే మాట అన్నాను కూడా. "అట్లా తెస్తే దొంగ సొమ్మవుతాది. నా బిడ్డను నేను దొంగతనంగా తెచ్చుకునేదేంది? వాళ్ళే ఇయ్యాల" అంది.

1983 ఆగస్టులో జవాబు వచ్చింది. ప్రభుత్వ ముద్ర ఉన్న పొడుగు కవరు. పోస్టుమాన్ బడికి తెచ్చిస్తే, పిల్లలను ఆడుకోమని వదిలేసి ఇంటికి పరుగెత్తాను. కుప్పమ్మ ఆవుకు కుడితిలో చిట్టు కలుపుతోంది. చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. నేను విప్పి చదివాను.

"సదరు అస్థికలను పరీక్ష చేయించగా, అవి ఇరవై సంవత్సరములకు మించి ప్రాచీనమైనవి కావని నిర్ధారణ అయినది. పురావస్తు విలువ లేనందున వాటిని ప్రదర్శన నుండి తొలగించి, ఇతర నిరుపయోగ వస్తువులతో పాటు పారవేయడమైనది. ఇందుతో తమ అర్జీ పరిష్కరింపబడినది. జతపరచిన రసీదుపై సంతకము గాని వేలిముద్ర గాని వేసి పంపవలెను."

కుప్పమ్మ కాగితం మీదికి వంగింది.

"యాడ పారేసినారో రాసినారా?" అంది.

"లేదు."

"మళ్ళా సదువు. రాసే ఉంటారు."

మళ్ళీ చదివాను. వెనక్కి తిప్పి చూశాను. రాయలేదు.

సంగతి తెలిసి పరంధామయ్య వచ్చాడు. "నేను అప్పుడే అనుకున్నా కుప్పమ్మా, ఆ బిడ్డ మన బిడ్డేనని. సర్కారోళ్ళతో మనకెందుకని గమ్మునుండిపోయినా" అన్నాడు. కుప్పమ్మ చిట్టు గంగాళం ఎత్తి, చేతిలో ఉన్నది ఉన్నట్టు ఆయన మీద కుమ్మరించింది. తెల్లపంచె మీద కుడితి కారుతూ ఊరి వీధిలో నడిచి పోయాడు. ఆ ఒక్క దృశ్యం నాకు కాస్త ఊరట.

మర్నాడు పొద్దున బస్సుకు ఇద్దరం మ్యూజియానికి వెళ్ళాం. అద్దాల బీరువాలో ఇప్పుడు ఇనుప కత్తులు పేర్చి ఉన్నాయి. కాపలావాడు చెంగయ్య కుప్పమ్మను గుర్తుపట్టి తల దించుకున్నాడు. "సున్నాలు కొట్టేటప్పుడు విరిగిన పెంకులు, పాత చెక్కలు, అన్నీ మునిసిపాలిటీ బండికెత్తించినారమ్మా. ఆ బండి యాడ పోసిందో నాకు తెలీదు" అన్నాడు.

లోపల గుమాస్తా ఫైలు తీశాడు. నేను రాసిన పదకొండు అర్జీలూ అందులోనే, వరసగా కుట్టి ఉన్నాయి. అంటే అన్నీ అందాయి. చదివారు కూడా. ఒకదాని మీద ఎర్రసిరాతో గీతలున్నాయి.

"ఆమె తల్లి అని పదకొండుసార్లు రాశాను కదయ్యా. పారేసే ముందు ఒక్క కార్డు ముక్క రాయలేకపోయారా?" అన్నాను.

"మీరు చెప్పినట్టే తేలింది కదమ్మా. మీదే నిజమని ఆఫీసు ఒప్పుకుంది. ఇంకేం కావాలి?" అన్నాడు అతను, నిజంగానే అర్థంకాని మొహంతో. "పనికిరానివి ఎక్కడ పారేస్తామో మేం రాసిపెట్టుకోం."

అప్పుడు కుప్పమ్మ మాట్లాడింది. అన్నేళ్ళలో ఆమె గొంతు పెద్దది కావడం నేను వినడం అదే మొదటిసారి.

"మూడువేల ఏండ్ల బిడ్డయితే అద్దాల పెట్టెలో పెడతారు. నా బిడ్డయితే కసువులో పోస్తారు. ఎప్పుడు సచ్చిందని సూసినారే గానీ, సచ్చింది ఒక బిడ్డని మీలో ఒక్కడన్నా సూసినాడా? మీ దొర సూళ్ళేదు, నువ్వు సూళ్ళేదు. మీ ఇండ్లల్లో పిల్లకాయలు లేరాప్పా?"

గదిలో రాసుకుంటున్నవాళ్ళందరూ తలలెత్తారు. గుమాస్తా కాసేపు బల్ల మీద కాగితాలు సర్దాడు. తర్వాత రసీదు ముందుకు జరిపి, సిరా దిండు తెరిచి పెట్టాడు.

"నన్నేం చేయమంటావమ్మా, నేను గుమాస్తాను. వేలిముద్ర వేయి, ఫైలు మూసేస్తాను. నీకూ తిరిగే పని తప్పుతుంది."

"అందులో ఏం రాసుండాది టీచరమ్మా?" అంది కుప్పమ్మ.

"నీ అర్జీ పరిష్కారమైందని. నీకిక చెప్పుకోవడానికేమీ లేదని" అన్నాను.

ఆమె కుడిచేతిని కొంగులో చుట్టుకుంది.

"నా బిడ్డ నా సేతికి వచ్చినప్పుడు ఏస్తా" అని బయటికి నడిచింది.

1985 వేసవిలో కుప్పమ్మ పోయింది. గుండె జబ్బన్నారు. అంతకు ముందు ఆ ఆఫీసు నుంచి మూడుసార్లు మనిషి వచ్చాడు, వేలిముద్ర కోసం. మూడుసార్లూ ఉత్త చేతులతో పంపింది. నాకు ఆ మరుసటి ఏడాదే పలమనేరుకు బదిలీ అయింది. అయినా ఏటా ఒకసారి ఆ మ్యూజియానికి వెళతాను. పోయినసారి అదే గుమాస్తా నాకు కుర్చీ వేశాడు. ఆడిటువాళ్ళు అడుగుతున్నారని, ఐదేళ్ళుగా ఆ ఒక్క ఫైలు మూతపడక ప్రాణం తీస్తోందని మొరపెట్టుకున్నాడు. "ఆమెకు వారసులు లేరు కదా టీచరమ్మా. అర్జీలు రాసింది మీరే. మీరు సంతకం పెట్టినా చాలు" అన్నాడు.

రసీదు తీసి చూపించాడు. కాగితం పసుపుపచ్చగా మారింది. అడుగున, వేలిముద్ర వేయాల్సిన చోట ఏమీ లేదు.

పెట్టనన్నాను.